కుందేటి కొమ్ములు, కారల్లం

లాటిన్ పేర్ల గుంపులో తెలుగు మాట ఎక్కడైనా దాక్కుని ఉందా అని వెతకడం నాకో పాత అలవాటు. మొక్కల పేర్లలో అయితే కొన్ని దొరుకుతాయి. మన సండ్ర చెట్టుకి రాక్స్‌బర్గ్ ‘మిమోసా సుండ్ర’ అని పేరు పెట్టాడు. సోమిద మాను శాస్త్రంలో ఇప్పటికీ సోయ్మిడాయే. వీటన్నిటికంటే దూరం నడిచిన మాట ఇంకొకటుంది. అది కరల్యూమా. ఒకప్పుడు స్పెయిన్ దక్షిణ తీరంలో, కెనరీ దీవుల్లో, ఉత్తర ఆఫ్రికా రాళ్ళగుట్టల మీద, అరేబియాలో పెరిగే ఎన్నో చిన్న ఎడారి మొక్కల్ని ఈ పేరుతోనే పిలిచారు. స్పెయిన్‌లో మొక్కకి తెలుగు పేరు! ఆ పేరు అక్కడిదాకా వెళ్ళిన దారి గోదావరి జిల్లాలో సామర్లకోట మీదుగా పోతుంది.

తెలుగువాళ్ళకి ఆ మొక్క కుందేటి కొమ్ములుగా ఎక్కువ తెలుసు. అనంతపురం, కర్నూలు వైపు, తెలంగాణ మెట్టల్లో గొర్రెలు కాచేవాళ్ళని అడిగితే వెంటనే చూపిస్తారు. బండల సందుల్లో, ముళ్ళపొదల మొదట్లో, వేలెడు లావు కూడా లేని నాలుగు పలకల కాడలు నిటారుగా లేచి, చివరికి సన్నబడుతూ ఉంటాయి. ఆకులు ఉండీ లేనట్టే, పుట్టిన కొద్దిరోజులకే రాలిపోతాయి. వానలయ్యాక కాడల కొసల్లో ఊదా, పసుపు కలిసిన చిన్న చుక్కల్లాంటి పూలు వేలాడతాయి. ఆ తర్వాత జంటగా కాయలు లేస్తాయి, అచ్చంగా కొమ్ముల్లాగే. తుంచి, కాస్త ఉప్పు అద్దుకుని పచ్చిగా తినేస్తారు. పచ్చడీ చేస్తారు. కొంచెం చేదు, కొంచెం పులుపు, బోలెడు నీరు.

తమాషా ఏమిటంటే తెలుగులో ‘కుందేటి కొమ్ము’ అంటే లోకంలో లేని వస్తువు. ఎంత వెతికినా దొరకనిదాన్ని చెప్పడానికి వాడే మాట. ఆ మాటని ఎవరో పశులకాపరి తీసుకెళ్ళి, కళ్ళెదురుగా ఉన్న, కరకరా నమిలి తినగలిగిన ఒక మొక్కకి తగిలించాడు. కవుల ఉపమానాన్ని ఇంత హాయిగా వెక్కిరించిన సందర్భం నాకు ఇంకొకటి తెలీదు.

*

చూసినవాళ్ళు దీన్ని మొదట కాక్టస్ అనుకుంటారు. ఆ అనుకోవడంలో తప్పేం లేదు, కళ్ళు చెప్పేది అదే. నీళ్ళు తక్కువైన చోట బతకాలంటే ఆకులు వదులుకోవాలి, కాడలోనే నీరు దాచుకోవాలి, కాడతోనే వంట చేసుకోవాలి. ఈ ఉపాయం వేరు వేరు ఖండాల్లో, వేరు వేరు కుటుంబాల మొక్కలకి విడివిడిగా తట్టింది. అందుకే చుట్టరికం లేకపోయినా పోలిక వచ్చింది.

చుట్టరికం తేల్చడానికి మూడు చిన్న పరీక్షలు చాలు. గిల్లితే తెల్లటి పాలు కారితే అది జెముడు. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, ఇవన్నీ యుఫోర్బియాలు. వాటి పొదల్లో తిరిగే పిట్టని కూడా మనవాళ్ళు జెముడుకాకి అన్నారంటే ఆ చెట్లు మన ఊళ్ళలో ఎంత పాతకాపులో ఊహించుకోవచ్చు. పాలు కారకుండా, ముళ్ళు గుత్తులుగా ఒక చిన్న మెత్తటి దిండులాంటి చుక్కలోంచి పుట్టుకొస్తే అది కాక్టస్. ఆ దిండు కాక్టస్ కుటుంబంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఎండి ముళ్ళు రాలిపోయినా దిండు గుర్తు మిగులుతుంది. పాలూ లేక, దిండూ లేక, జంట కొమ్ముల కాయ పగిలి లోపల్నుంచి పట్టులాంటి దూదితో గింజలు ఎగిరితే అది జిల్లేడు కుటుంబం. కుందేటి కొమ్ములు జిల్లేడుకి చుట్టం. ఒకసారి కాయ పగలడం చూస్తే ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు కాక్టస్ కుటుంబం అంతా అమెరికా ఖండాలదే. ఆఫ్రికాలోనూ సింహళంలోనూ కనిపించే ఒక్క రిప్సాలిస్ దీనికి మినహాయింపు. అంటే మన దేశంలో నేలపుట్టువు ఎడారి కాక్టస్ ఒక్కటి కూడా లేదు. పొలం గట్ల మీద, పాత కోటల చుట్టూ, శ్మశానాల పక్కన చిన్నప్పట్నుంచి చూసిన నాగజెముడు కూడా సముద్రం దాటి వచ్చిందే. పోర్చుగీసు ఓడల్లో వచ్చి ఉంటుందని సాధారణంగా చెబుతారు. వచ్చినదానికి మనవాళ్ళు తెలిసిన పేరు ఇచ్చారు. ముళ్ళుంది కాబట్టి జెముడు అన్నారు, పడగలా ఉంది కాబట్టి నాగ చేర్చారు. ఇంటిపేరు పెట్టి కలిపేసుకున్నాం అన్నమాట. మనది కానిది మనదిలా స్థిరపడిపోయింది, మనదైన చిన్న మొక్కని చూసి ‘ఏదో ఫారిన్ కాక్టస్’ అనుకునే రోజు వచ్చింది. ఈ తారుమారు ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే పద్దెనిమిదో శతాబ్దం చివరికి వెళ్ళాలి.

*

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరాలో వైద్యం, జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781 ప్రాంతంలో సామర్లకోట దండులో డాక్టరుగా కుదురుకుని, 1793 దాకా అక్కడే ఉన్నాడు. అంటే మన జిల్లా గాలి పన్నెండేళ్ళు పీల్చాడు. ఇవాళ రైలు సామర్లకోట జంక్షన్‌లో ఆగితే మనకి గుర్తొచ్చేవి పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం, పంచదార ఫ్యాక్టరీ. రాక్స్‌బర్గ్ కాలంలో అక్కడ ఒక ప్రయోగాల తోట ఉండేది. మిరియం, కాఫీ, నీలి, మల్బరీ, చెరకు లాంటివి అక్కడ పెంచి చూసేవాడు. రాజమండ్రి సర్కారులో రైతులు చెరకు ఎలా సాగు చేస్తారో, బెల్లం ఎలా వండుతారో వివరంగా రాశాడు.

ఇదంతా జ్ఞానదాహమే అనుకుంటే పొరపాటు. కంపెనీకి కావలసింది లాభం. ఏ మొక్క అమ్ముడుపోతుంది, ఏ రంగు మాంచెస్టరు మగ్గాలకి పనికొస్తుంది, ఏ చెట్టు ఓడకి కర్ర ఇస్తుంది అన్నవే వాళ్ళ ప్రశ్నలు. కానీ రాక్స్‌బర్గ్ ఆ ప్రశ్నల అంచులు దాటి చాలా దూరం చూశాడని అతని రాతలు చదివితే తెలుస్తుంది. రోజుకి మూడుసార్లు ఉష్ణోగ్రత, గాలి బరువు రాసుకునేవాడు. 1787లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచేసింది. ఆ తర్వాత రెండేళ్ళకే వానలు తప్పడం మొదలై, 1791-92 నాటికి ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు పడింది. ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని అతను ఆరా తీశాడు. వందేళ్ళ కిందటి కరువు సంగతి పిఠాపురం జమీందారీ వాళ్ళ దగ్గరున్న పాత కాగితాల వల్ల తెలిసింది. కరువుకాలంలో తిండి ఇచ్చే చెట్లు ముందే నాటి ఉంచాలని పైవాళ్ళకి రాశాడు. ఎవరు పట్టించుకున్నారు అంటే, పెద్దగా ఎవరూ లేదు.

ఆ రోజుల్లోనే ఈ తీరం మీద ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు కన్నుమూశాడు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్, మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసినవాడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలో విరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో రాక్స్‌బర్గ్ దగ్గరుండి వైద్యం చేశాడు. లిన్నేయస్ పాఠాలు నేరుగా విన్న మనిషి ప్రాణం మన కాకినాడలో పోయింది. ఆ ఊరి కాలేజీల్లో బోటనీ చదివిన నా స్నేహితులకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

కోనిగ్ తర్వాత పాట్రిక్ రసెల్, అతని తర్వాత 1789లో రాక్స్‌బర్గ్ ఆ పదవిలోకి వచ్చారు. మన చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి లండన్‌కి పంపేవాడు. పంపిన వందలాది బొమ్మల్లోంచి మూడు వందలు ఎంచి, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అని మూడు పెద్ద సంపుటాలుగా అచ్చు వేశారు. మొదటిది 1795లో వచ్చింది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఆ పుటల మీద లేవు. అడవుల్లోంచి మొక్కలు పీకి తెచ్చినవాళ్ళ పేర్లు అసలే లేవు. కానీ వాళ్ళ నోటిమాట మాత్రం అచ్చులో ఉండిపోయింది. రాక్స్‌బర్గ్‌కి ఒక మంచి అలవాటు ఉండేది. ప్రతి మొక్కకీ లాటిన్ పేరు పెట్టాక, స్థానికులు ఏమంటారో అడిగి కింద రాసేవాడు. ‘తెలింగాల’ పేరు ఇది, అని.

*

మొదటి సంపుటంలో ముప్ఫయ్యో బొమ్మ మన కుందేటి కొమ్ములు. రాక్స్‌బర్గ్ దానికి స్టపేలియా అడ్సెండెన్స్ అని పేరు పెట్టాడు. స్టపేలియా అప్పటికే తెలిసిన దక్షిణాఫ్రికా మొక్కల ప్రజాతి. వాన్ స్టాపెల్ అనే డచ్చి వైద్యుడి జ్ఞాపకంగా లిన్నేయస్ పెట్టిన పేరు. అడ్సెండెన్స్ అంటే పైకి లేచేది. ఆ కిందే తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ‘కార్ అల్లం’ అని, మధ్యలో చిన్న గీతతో.

తర్వాత పదిహేనేళ్ళకి రాబర్ట్ బ్రౌన్ రంగంలోకి వస్తాడు. నీటిలో పుప్పొడి రేణువుల్లోంచి వచ్చిన సూక్ష్మ కణాల కదలిక చూసి ‘బ్రౌనియన్ చలనం’కి పేరు ఇచ్చిన ఆ బ్రౌనే. 1810లో జిల్లేడు తరహా మొక్కలన్నిటినీ ఒక ప్రత్యేక కుటుంబంగా విడదీస్తూ వ్యాసం రాశాడు. అందులో, రాక్స్‌బర్గ్ చూపించిన ఈ కోరమాండల్ మొక్క దక్షిణాఫ్రికా స్టపేలియాలతో కలవదని తేల్చి, దానికి కొత్త ప్రజాతి కల్పించాడు. పేరు కరల్యూమా. గ్రీకు మాటలు రెండు అతికించలేదు, ఏ దొర పేరునీ పెట్టలేదు.

ఈ పేరు అరబ్బీ నుంచి వచ్చిందనే వాదన ఒకటుంది. మాంసంలో పుండు అనే అర్థమిచ్చే ఒక అరబ్బీ పదబంధానికి దీన్ని ముడిపెడతారు. కుళ్ళు వాసన కొట్టి ఈగల్ని పిలిచే పూలు కాబట్టి అర్థం అతికినట్టే ఉంటుంది. నాకు మాత్రం తెలుగు పక్షమే బలంగా కనిపిస్తుంది, అది అభిమానంతో అంటున్న మాట కాదు. బ్రౌన్ ప్రజాతిని కట్టింది రాక్స్‌బర్గ్ మొక్క మీద. ఆ మొక్క వర్ణన పక్కనే కార్ అల్లం అని అచ్చయి ఉంది. పుస్తకంలో ఎదురుగా ఉన్న మాటని వదిలేసి అరేబియా దాకా ఎందుకు వెళ్ళాలి? అరబ్బీ వ్యుత్పత్తి చెప్పినవాళ్ళ దగ్గర శబ్దసామ్యం ఉంది. తెలుగు వ్యుత్పత్తికి శబ్దంతో పాటు కాగితం కూడా ఉంది.

ఇక కారల్లం అంటే ఏమిటి? అల్లం మనకి తెలుసు. ముందున్న ‘కారు’ గురించి నా ఊహ ఒకటి చెబుతాను. కారడవిలో, కారెనుములో కనిపించే ‘కారు’ అది. కారెనుము అంటే అడవి ఎనుము. ఆ లెక్కన కారల్లం అంటే అడవి అల్లం. ఊరి అల్లానికి, ఈ మొక్కకి పోలిక రూపంలో తక్కువే. నమిలితే నోట్లో పుట్టే చురుకు చూసి అలా అని ఉండొచ్చు, అల్లంలాగే పచ్చడికి పనికొస్తుందని అని ఉండొచ్చు. ఏదైనా సరే, ఈ పేరు పెట్టింది తిన్నవాళ్ళు. చూసి పెట్టిన పేరు కుందేటి కొమ్ము, తిని పెట్టిన పేరు కారల్లం. ఒకే మొక్కకి ఇలా కంటితో ఒక పేరు, నాలుకతో ఒక పేరు.

సామర్లకోట దొర అడిగినప్పుడు ఎవరు చెప్పి ఉంటారు? తోటలో పనిచేసే కూలీయో, చుట్టుపక్కల మెట్టల్లో మేకలు కాసే మనిషో, దండుతో వచ్చిన పరదేశి తెలుగువాడో. కరువు ఏళ్ళలో అడిగి ఉంటే, ఆ మనిషి కొద్దిరోజుల క్రితమే అది తిని ప్రాణం నిలబెట్టుకున్నవాడూ అయ్యుండొచ్చు. అతని పేరు చరిత్రలో లేదు. అతని నోటి ఉచ్చారణ మాత్రం, ఒక స్కాట్లండ్ చెవిలోంచి, లండన్ అచ్చుయంత్రంలోంచి, లాటిన్ వ్యాకరణంలోంచి దూరి, స్పెయిన్ తీరం దాకా పోయింది.

*

అదే కాలంలో, అదే మనుషుల చేతుల మీదుగా, నాగజెముడు కథ ఇంకోలా నడిచింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ మొక్కకి ఎందుకు విలువ వస్తుందో అర్థమవుతుంది.

కంపెనీకి ఎరుపు కావాలి. ఖరీదైన బట్టల ఎరుపుకి కోచినీల్ అనే పురుగు కావాలి. అది మెక్సికోలో నాగజెముడు జాతుల మీద బతుకుతుంది, ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉంది. మన తీరంలో ఎరుపుకి లోటేమీ లేదు. చిరివేరుతో అద్దిన ఎర్ర కలంకారీ బట్టలు మచిలీపట్నం నుంచి ప్రపంచమంతా వెళ్ళేవి. చిరివేరు మొక్క గురించి రాక్స్‌బర్గే తన మొదటి సంపుటంలో రాశాడు. అయినా కంపెనీకి కోచినీల్ మీదే మోజు. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే పెద్ద డాక్టరు 1786 నుంచి దీని గురించి బ్యాంక్స్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పురుగు రాకముందే దాని మేతకోసం నాగజెముడు తోట వేయించాడు.

1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్‌లో రియో నుంచి పురుగులున్న మొక్కల్ని కలకత్తా చేర్చాడు. అక్కడి కంపెనీ తోటకి అధికారి ఎవరనుకున్నారు? రెండేళ్ళ ముందు సామర్లకోట నుంచి బదిలీ అయి వెళ్ళిన రాక్స్‌బర్గే. తీరా చూస్తే వచ్చింది అసలు కోచినీల్ కాదు, నాసిరకం రంగిచ్చే దాని అడవి చుట్టం. రంగు వ్యాపారం మూలపడింది. పురుగు మాత్రం బతికింది, ఒక రకం నాగజెముణ్ణి ఊళ్ళకి ఊళ్ళే తినేసింది. అది చూసి 1836-38 మధ్య ఆ పురుగుని కావాలనే దక్షిణానికి తెచ్చి వదిలారు. ఒక కలుపు మొక్కని అణచడానికి పురుగుని పనికట్టుకుని వాడిన తొలి ఉదాహరణగా శాస్త్ర గ్రంథాలు దీన్నే చెబుతాయి.

అంతటితో అయిపోలేదు. ఒక రకం పోయిన చోటికి, ఆ పురుగు ముట్టని ఇంకో రకం నాగజెముడు వచ్చి దక్షిణాదిని ఆక్రమించింది. దాన్ని తగ్గించడానికి 1926లో సింహళం నుంచి మరో జాతి కోచినీల్ పురుగు తేవలసి వచ్చింది. అది కొన్నేళ్ళలోనే పొదల్ని ఎండగట్టేసింది. ఇప్పటికీ ఎక్కడైనా మిగిలిన నాగజెముడు మట్ట మీద తెల్లటి దూదిలాంటి మచ్చ కనిపిస్తే గోటితో నలిపి చూడండి. వేలికి నెత్తురులాంటి రంగు అంటుతుంది. ఒక సామ్రాజ్యపు అత్యాశ రంగు అది.

కారల్లానికి ఇలాంటి చరిత్ర ఏదీ లేదు. రంగు ఇవ్వదు, నార ఇవ్వదు, కలప కాదు. కంపెనీకి పనికిరాలేదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. బొమ్మ గీశారు, పేరు రాశారు, వదిలేశారు.

*

గోదావరి డెల్టాలో దానికి చోటు తగ్గడానికి కారణం వేరు. 1832-33లో నందన కరువు వచ్చింది, జిల్లా దివాలా తీసింది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. కాలవలు పారాయి. పొడినేల పల్లమైంది, పల్లం వరిచేనైంది. సామర్లకోటకీ కాలవ వచ్చింది. ఆ నీళ్ళు తాగి పెరిగిన కుటుంబాల్లో మాదీ ఒకటి, ఆ మేలు తక్కువ చెయ్యను. కానీ నీళ్ళొచ్చాక నేల జ్ఞాపకశక్తి మారిపోతుంది. కోనసీమ కుర్రాడికి ఎడారి మొక్క అంటే ఎక్కడో రాజస్థాన్‌లోదో, మెక్సికోలోదో. తన తాతల తాతలు మెట్టల మీద కరువులో తిన్నది అని తట్టదు.

ఇప్పుడు ఎడారి మొక్కలు మళ్ళీ డెల్టాలోకి వచ్చాయి, కుండీల్లో. కడియం, కడియపులంక, కడియపుసావరం, వేమగిరి. హైవేకి రెండువైపులా నర్సరీలే. మామిడి, నిమ్మ అంట్లతో పేరు తెచ్చుకున్న ఊళ్ళు. ఆ అంటుకట్టే చేతులే ఇప్పుడు కాక్టస్‌లనీ కడుతున్నాయి. అరచేతిలో పట్టే ఆకుపచ్చ మొదలు మీద ఎర్రటి, పసుపు బంతిలా కూర్చునే బుల్లి కాక్టస్ చూసే ఉంటారు. మూన్ కాక్టస్ అంటారు. పరాగ్వే వైపు పెరిగే జిమ్నోకాలిసియం అనే చిన్న ఎడారి కాక్టస్‌లో, 1940ల్లో జపాన్‌లో, పచ్చదనం లేని మొలకలు పుట్టాయి. పచ్చదనం లేకపోతే అన్నం వండుకోలేదు, చచ్చిపోవాలి. ఇంకో కాక్టస్ మొదలు మీద అంటు కట్టి బతికించారు. ఇవాళ కొరియా నుంచి కడియం దాకా అదే వ్యాపారం. పైనున్నది అందం, కిందున్నది కూలి. కిందిదాని వయసు తీరితే రెండూ పోతాయి.

మొన్న వేసవిలో అక్కడ ఒక నర్సరీలో తిరుగుతుంటే, ముళ్ళ బంతుల వరసల మధ్య నాలుగు పలకల సన్న కాడలున్న కుండీ ఒకటి కనపడింది. పూత లేదు, చీటీ లేదు. నీళ్ళు పెడుతున్న పెద్దావిడని అడిగాను.

“ఇదేం మొక్కండీ?”

“కాక్టస్సేనండి.”

“ముళ్ళు లేవు కదండీ?”

“ఆయ్. ముళ్ళు లేని కాక్టస్ అండి. పిల్లలున్న ఇంటికి బాగుంటది. నీళ్ళు ఎక్కువ పొయ్యకండి బాబూ, కుళ్ళిపోద్ది.”

ఆవిడ చెప్పిన పెంపకం నూటికి నూరుపాళ్ళు సరైనదే. ఆవిడకి మొక్క తెలుసు. పేరు మాత్రం వ్యాపారం ఇచ్చింది. లారీలో వచ్చిన సరుకుకి లారీతోనే పేరు వస్తుంది. రాక్స్‌బర్గ్ ఇవాళ వచ్చి ఇదే ప్రశ్న అడిగితే ‘తెలింగాల పేరు: కాక్టస్’ అని రాసుకుని వెళ్ళేవాడు.

*

నా దగ్గరున్న కారల్లం ఒక అనంతపురం మిత్రుడి పొలంగట్టు నుంచి వచ్చిన రెండు కాడలు. రాజమండ్రి గాలిలో దాన్ని బతికించడం కష్టమేమీ కాదు, కాకపోతే మన ప్రేమని అదుపులో పెట్టుకోవాలి. తుంచిన కాడని వెంటనే నాటకూడదు. వారం రోజులు నీడలో పడేస్తే కోసిన చోట చెక్కు కడుతుంది, అప్పుడు నాటాలి. ఒండ్రుమట్టి అస్సలు పనికిరాదు. గోదావరి ఇసకలో జల్లెడ పైన మిగిలే గరుకు రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, ఇటికముక్కల పొడి కొంచెం. కుండీ మట్టిదైతే మంచిది, లోతు తక్కువైనా ఫర్వాలేదు.

ఎండ గురించి చాలామంది పొరబడతారు. ఎడారి మొక్క కదా అని రోహిణి ఎండలో డాబా మీద పెట్టేస్తారు. బయట ఇది ముళ్ళపొదల నీడన పెరుగుతుంది, పొద్దుటి ఎండ చాలు. మన దగ్గర దీన్ని చంపేది ఎండ కాదు, తేమ. జూన్ నుంచి అక్టోబరు దాకా చూరు కిందకి జరపాలి. మొదలు మెత్తబడితే ఆలస్యం చెయ్యకుండా పైకాడలు కోసి మళ్ళీ ఎండబెట్టి నాటుకోవాలి. కణుపుల్లో పిండినల్లి చేరితే పాత టూత్‌బ్రష్‌తో రుద్దెయ్యండి. ఆ పిండినల్లి కూడా కోచినీల్‌కి దూరపు చుట్టమే.

పూలు వచ్చినప్పుడు జాతి గుర్తుపట్టే పని మొదలవుతుంది. పూరెక్కల అంచుల్లో సన్నటి నూగు ఉందా, రెక్కలు ఎంత పొడవు, రంగు ఎంత దూరం పాకింది, ఇవి చూడాలి. ఈ మొక్క చోటుని బట్టి ఎంత మారుతుందంటే, రెండు మూడు రకాల్ని వేరే జాతులుగా పేర్లు పెట్టి రాసినవాళ్ళున్నారు. 1931లో మద్రాసు మ్యూజియంకి చెందిన గ్రేవ్లీ, మయూరనాథన్ దేశంలోని కరల్యూమాలన్నిటినీ పరిశీలించి, చిక్కులు విప్పి, వీటిలో కొన్నిటిని ఒకే జాతిలోని రకాలుగా సర్దారు. బతికున్న మొక్కల్ని పెంచి చూస్తే తప్ప తేలని విషయం ఇది. ఎండబెట్టి కాగితానికి అతికిస్తే కండగల మొక్క ముడుచుకుపోయి తాడుముక్క అవుతుంది. అందుకే పెంచడం, గుర్తుపట్టడం ఇక్కడ రెండు పనులు కావు.

*

కంపెనీకి పనికిరాని కారల్లానికి ఈ శతాబ్దంలో కంపెనీలు దొరికాయి. తింటే ఆకలి అణుగుతుందని గొర్రెల కాపరులకి ఎప్పుడూ తెలుసు. పొద్దున్న రెండు కాడలు నమిలితే మధ్యాహ్నం దాకా లాగొచ్చు అంటారు. 2007లో బెంగుళూరు పరిశోధకులు దీని సారం ఇచ్చి చూసి, ఆకలి తగ్గిందని ప్రకటించారు. ఇప్పుడది బరువు తగ్గించే మాత్రగా అమెరికా దుకాణాల్లో, మన ఆన్‌లైన్ అంగళ్ళలో దొరుకుతుంది. అన్నం లేనివాళ్ళు ఆకలి మర్చిపోవడానికి తిన్నది, అన్నం ఎక్కువైనవాళ్ళు ఆకలి మర్చిపోవడానికి మింగుతున్నారు. డబ్బా మీద కరల్యూమా అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది హైదరాబాదులో కొనుక్కున్న తెలుగు పిల్లకి అది తెలుగు మాట అని తెలిసే దారి లేదు. గిరాకీ పెరిగితే గుట్టల మీద మొక్క తరుగుతుంది, ఆ సంగతి కూడా డబ్బా మీద ఉండదు.

శాస్త్రంలోనూ ఈ పేరుకి గండం వచ్చింది. కరల్యూమా పేరు మీద ఉన్న ఆఫ్రికా, అరేబియా మొక్కల్ని క్రమంగా వేరే ప్రజాతుల్లోకి పంపేశారు. స్పెయిన్ మొక్క కూడా వెళ్ళిపోయింది. ఇండియాలోనే మరికొన్ని బౌసెరోసియాలోకి చేరాయి. చివరికి 2017లో కొందరు శాస్త్రజ్ఞులు జన్యు పరీక్షల ఆధారంతో, కరల్యూమాతో సహా ఈ వర్గం మొత్తాన్నీ సిరోపీజియా అనే ప్రజాతిలో కలిపెయ్యాలని ప్రతిపాదించారు. సిరోపీజియా 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు కాబట్టి దానికే ముందు హక్కు. మైనం, ఊట అనే రెండు గ్రీకు మాటల కలయిక అది. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది. ఒప్పుకుంటే మాత్రం కారల్లం అనే తెలుగు మాట రెండు వందల ఏళ్ళ తర్వాత శాస్త్రంలోంచి దిగిపోయి, పాత పేర్ల జాబితాలోకి వెళ్తుంది.

శాస్త్రం తన లెక్కలు తాను చూసుకోవాలి, భాషాభిమానం కోసం జన్యువులు మారవు. అందులో నాకు ఫిర్యాదు లేదు. నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. లాటిన్ పుస్తకం ఒక తెలుగు మాటని రెండు శతాబ్దాలు భద్రంగా దాచింది. ఆ మాటని పుట్టించిన తీరంలో మాత్రం అది నాలుకల మీంచి ఎప్పుడో జారిపోయింది. లాటిన్ కూడా వదిలేస్తే దానికి ఇంక ఇల్లు లేదు.

పేరు నిలబెట్టడానికి పెద్ద ఉద్యమాలేమీ అక్కర్లేదు. నా కుండీకి పెన్సిలుతో రాసిన చెక్క చీటీ గుచ్చాను. పైన కారల్లం, కింద కుందేటి కొమ్ములు, ఆ కింద చిన్నగా లాటిన్ పేరు. ఎవరైనా కొమ్మ అడిగితే చీటీ కూడా రాసిచ్చి పంపుతున్నాను. ఇప్పటికి ఏడు ఇళ్ళకి వెళ్ళింది. ఒక ఇంట్లో కుళ్ళిపోయిందని కబురొచ్చింది, మళ్ళీ పంపాను.